డంపింగ్ యార్డుల చుట్టూ భూగర్భజల నాణ్యత పర్యవేక్షణ

ఘన వ్యర్థాలను ఇంటి నుంచి సేకరించి, రవాణా చేసి, చివరికి ఒక చోట పోసే వరకు జరిగే పనుల గురించి మీరు ఇంతకు ముందు పాఠంలో చదివారు. చెత్త అక్కడితో ఆగిపోదు. పోసిన చోట అది కుళ్లుతుంది, కరుగుతుంది, ఊరుతుంది. ఆ ఊట నేలలోకి దిగి భూగర్భజలాన్ని చేరుతున్నదా, చేరితే ఎంత దూరం పోయింది, ఎవరి బోరు దాకా వచ్చింది అనే విషయాలను తెలుసుకునే పద్ధతిని ఈ పాఠంలో పరిశీలిద్దాం.

హైదరాబాద్‌కు ఈశాన్యాన, మేడ్చల్ జిల్లాలోని జవహర్‌నగర్ డంపింగ్ యార్డు పేరు మీరు వినే ఉంటారు. 300 ఎకరాలకు పైగా విస్తరించిన ఈ యార్డులో మహానగరం చెత్త ఏళ్ల తరబడి గుట్టలుగా పేరుకుంది. దాని పక్కనున్న మల్కారం చెరువు నీరు నల్లబడిపోవడం పత్రికల్లో, జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో చాలాసార్లు చర్చకు వచ్చింది. తర్వాత పాత గుట్టకు మూత వేశారు. దీనినే క్యాపింగ్ అంటారు. చెరువు రంగు మారితే ఎవరికైనా కనిపిస్తుంది. బోరు నీటి సంగతి అలా కాదు. నీరు తేటగా ఉండి కూడా చెడిపోయి ఉండవచ్చు. పసుపు రంగు తేలిన నీరు చెత్త వల్ల కాక, రాతిలోని ఇనుము వల్ల అలా ఉండవచ్చు. యార్డుకు అర కిలోమీటరు దూరంలో ఉన్న కుటుంబం "మా బోరు నీళ్లు తాగొచ్చా?" అని అడిగితే ఏమి పరీక్షించాలో, ఆ ఫలితాలను ఎలా చదవాలో మీకు తెలిసి ఉండాలి.

ఊట ఎలా పుడుతుంది?

చెత్త పొరల గుండా కిందికి దిగుతూ, దారిలో కరిగే పదార్థాలన్నింటినీ మోసుకుపోయే ద్రవాన్ని లీచేట్ అంటారు. దీనికి నీరు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి వాన. రెండోది చెత్తలో ముందే ఉన్న తడి. మన నగరాల చెత్తలో దాదాపు సగం కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పూలు, ఆకులు వంటి తడి చెత్తే. అందువల్ల వాన పడకపోయినా మన యార్డుల్లో ఊట ఆగదు.

వాన వాటా ఎంతో ఒక లెక్క వేసి చూడండి. మూత లేని గుట్ట 10 హెక్టార్లు, అంటే లక్ష చదరపు మీటర్లు ఉందనుకుందాం. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన కురిసి, అందులో నాలుగో వంతు మాత్రమే గుట్టలోకి ఇంకిందనుకున్నా 0.2 మీటర్ల నీరు దిగినట్లు. లక్షను 0.2తో గుణిస్తే 20,000 ఘనపు మీటర్లు, అంటే 2 కోట్ల లీటర్లు. క్యాపింగ్ వల్ల ప్రధాన ప్రయోజనం ఈ అంకెను తగ్గించడమే. అయితే అప్పటికే గుట్టలో నిలిచి ఉన్న ఊట మూత వేసినంత మాత్రాన మాయం కాదని గుర్తుంచుకోండి.

చెత్త వయసును బట్టి లీచేట్ స్వభావం మారుతుంది. కొత్త చెత్తలో సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని ఆమ్లాలుగా మారుస్తాయి. ఆ దశలో లీచేట్ పీహెచ్ తగ్గి ఆమ్లగుణం కలిగి ఉంటుంది. బీఓడీ చాలా ఎక్కువగా ఉంటుంది. లోహాలు తేలికగా కరుగుతాయి. కొన్నేళ్లకు మీథేన్ పుట్టే దశ వస్తుంది. అప్పుడు పీహెచ్ 7 దాటుతుంది, బీఓడీ పడిపోతుంది, లోహాలు చాలావరకు గుట్టలోనే నిలిచిపోతాయి. అమ్మోనియా మాత్రం తగ్గదు. ఆక్సిజన్ లేని చోట దానిని మార్చే ప్రక్రియ లేదు కనుక దశాబ్దాల తరబడి ఊటలో వస్తూనే ఉంటుంది. బీఓడీని సీఓడీతో భాగించినప్పుడు వచ్చే విలువ కొత్త లీచేట్‌లో 0.5 పైన, బాగా పాతదానిలో 0.1 కంటే తక్కువగా ఉంటుంది. ఒక యార్డు ఏ దశలో ఉందో తెలుసుకోవడానికి ఇదే సులభమైన గుర్తు.

చెత్త అనగానే విద్యార్థులు ముందుగా సీసం, కాడ్మియం, పాదరసం గురించి అడుగుతారు. బ్యాటరీలు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు కలిసిన చోట వాటిని తప్పక పరీక్షించాలి. కాని పాత మున్సిపల్ యార్డు పక్కన భూగర్భజలంలో మార్పును ముందుగా పట్టి ఇచ్చేవి లోహాలు కావు. క్లోరైడ్, పొటాషియం, బైకార్బొనేట్, అమ్మోనియా వంటి సాదాసీదా పదార్థాలే. "లోహాలు లేవు, కాబట్టి నీరు బాగుంది" అనే తీర్పు చాలా నివేదికల్లో కనిపించే పొరపాటు.

గ్రానైట్ నేలలో నీటి నడక

లీచేట్ భూగర్భజలంలో కలిసిన తర్వాత నీటి ప్రవాహ దిశలో ఒక తోకలా సాగుతుంది. దీనిని ప్లూమ్ అంటారు. ప్లూమ్‌లపై తొలినాటి సమగ్ర అధ్యయనాల్లో ఒకటి కెనడాలోని బోర్డెన్ యార్డు వద్ద జరిగింది. అక్కడ 1940 నుంచి 1976 వరకు చెత్త వేశారు. అడుగున ఇసుక నేల. పరిశోధకులు ఇసుకలో వందలాది చోట్ల నమూనాలు తీసి, క్లోరైడ్ తోక ఎటు, ఎంత దూరం సాగిందో పటంగా గీయగలిగారు. ఇసుకలో నీరు అన్ని రేణువుల మధ్య నుంచి దాదాపు సమానంగా కదలడం వల్ల అది సాధ్యమైంది.

హైదరాబాద్ చుట్టుపక్కల నేల అటువంటిది కాదు. ఇక్కడ అడుగున ఉన్నది గ్రానైట్. పైన కొన్ని మీటర్ల మందాన రాయి శిథిలమై మొరం, మట్టిగా మారిన పొర ఉంటుంది. దాని కింద గట్టి రాయి, ఆ రాయిలో పగుళ్లు. పాతకాలపు దిగుడు బావులు, చేదబావులు పై పొర నీటిని తోడేవి. ఇప్పటి బోర్లు పగుళ్ల నీటిని తోడుతున్నాయి. పగులు తగిలిన బోరులో నీళ్లు పడతాయి, దానికి పది అడుగుల దూరంలో వేసిన బోరు ఎండుగా పోతుంది. ఇది మన రైతులందరికీ తెలిసిన విషయమే. లీచేట్ కూడా ఇదే దారిలో నడుస్తుంది. యార్డుకు దగ్గరి బోరు బాగుండి, దూరపు బోరు చెడిపోవడం ఇక్కడ వింత కాదు.

నీటి వేగాన్ని లెక్కించడానికి డార్సీ సూత్రం నుంచి వచ్చిన ఒక సంబంధాన్ని వాడతాం. పొర పారగమ్యతను నీటిమట్టపు వాలుతో గుణించి, నీరు పారడానికి వీలున్న ఖాళీ నిష్పత్తితో భాగిస్తే సగటు వేగం వస్తుంది. అభ్యాసం కోసం కొన్ని అంకెలు అనుకుందాం. పారగమ్యత రోజుకు 1 మీటరు. రెండు బావుల మధ్య దూరం 400 మీటర్లు, నీటిమట్టాల తేడా 4 మీటర్లు, కాబట్టి వాలు 0.01. శిథిల పొరలో ఖాళీ నిష్పత్తి 0.05 అయితే వేగం రోజుకు 0.2 మీటర్లు. యార్డు సరిహద్దు నుంచి 50 మీటర్లు దాటడానికి 250 రోజులు పడుతుంది. ఇప్పుడు అవే అంకెలతో పగుళ్ల రాయిని తీసుకోండి. ఖాళీ నిష్పత్తి 0.005 మాత్రమే అనుకుంటే వేగం రోజుకు 2 మీటర్లు అవుతుంది. అదే 50 మీటర్లు 25 రోజుల్లో దాటిపోతుంది.

ఖాళీ తక్కువైతే నీరు నెమ్మదిగా కదులుతుందని మొదట్లో అందరికీ అనిపిస్తుంది. ఇక్కడ జరిగేది తలకిందులు. అంతే నీరు సన్నటి దారిలో పోవాలి కనుక వేగం పెరుగుతుంది. నాలుగు నెలలకు ఒకసారి నమూనా తీసే చోట, రెండు నమూనాల మధ్యకాలంలోనే ఒక మోతాదు లీచేట్ పగులు గుండా పర్యవేక్షణ బావిని దాటిపోయే అవకాశం ఉంది. అందుకే గట్టి రాతి ప్రాంతాల్లో విద్యుద్వాహకతను కొలిచే చిన్న పరికరంతో నెలకు ఒకసారైనా బావులను చూడటం మంచిది. ఖర్చు తక్కువ, చేయడం తేలిక.

బావులు ఎక్కడ ఉండాలి?

కనీసం ఒక బావి యార్డుకు ఎగువన ఉండాలి. మిగిలినవి దిగువన, వేర్వేరు దూరాల్లో ఉండాలి. ఇక్కడ ఎగువ, దిగువ అంటే భూగర్భజల ప్రవాహాన్ని బట్టి చెప్పేవి. నేల వాలు చూసి ఊహిస్తే సరిపోదు, మూడు బావుల నీటిమట్టాలతో దిశ కట్టవచ్చు.

ఒక్కో బావిలో పై నుంచి నీటి దాకా ఎంత లోతు ఉందో టేపుతో కొలవండి. ఆ లోతును బావి అంచు సముద్రమట్ట ఎత్తు నుంచి తీసివేస్తే నీటిమట్టపు ఎత్తు వస్తుంది. (లోతులనే నేరుగా పోల్చి దిశ తేల్చేయడం చాలామంది చేసే తప్పు. గుట్ట మీది బావిలో నీరు లోతుగా ఉన్నా, దాని మట్టం పల్లంలోని బావికంటే ఎత్తులో ఉండవచ్చు.) మూడు బావుల మట్టాలు 532, 530, 528 మీటర్లు వచ్చాయనుకుందాం. స్కేలు ప్రకారం గీసిన పటంలో 532, 528 బావులను ఒక గీతతో కలపండి. ఆ గీతకు సరిగ్గా మధ్య బిందువు వద్ద మట్టం 530 అవుతుంది. ఆ బిందువును 530 బావితో కలిపితే సమమట్ట రేఖ వస్తుంది. ఆ రేఖకు లంబంగా, 528 వైపు గీసిన బాణమే ప్రవాహ దిశ.

ఈ దిశ ఏడాది పొడవునా ఒకేలా ఉంటుందనుకోకండి. యార్డుకు ఎగువన ఎవరో పెద్ద మోటారు పెట్టి ట్యాంకర్లకు నీళ్లు తోడుతుంటే వేసవిలో ప్రవాహం అటు మళ్లవచ్చు. అప్పుడు మీరు 'ఎగువ బావి' అనుకున్నదే దిగువ బావి అయిపోతుంది. అందుచేత నమూనా తీసిన ప్రతిసారీ మట్టాలు కూడా కొలవాలి.

ఊళ్లో ఉన్న బోర్లనే పర్యవేక్షణకు వాడుకోవచ్చా? వాడాలి, ఎందుకంటే జనం తాగేది ఆ నీరే. కాని వాటితోనే సరిపెట్టుకోకూడదు. మన బోర్లలో కేసింగ్ పైపు శిథిల పొర దాకానే ఉంటుంది, ఆ కింద అంతా తెరిచిన రాతి గుంత. పై పగులు నుంచి వచ్చిన చెడు నీరు, అడుగు పగులు నుంచి వచ్చిన మంచి నీరు అందులో కలిసిపోతాయి. ఫలితం ఏ లోతుదో చెప్పలేం. పర్యవేక్షణ కోసం వేసే బావిలో, ఎంచుకున్న లోతులో మాత్రమే నీరు చొరబడేలా సన్నటి చీలికలున్న పీవీసీ పైపు అమర్చుతారు. దాని చుట్టూ గులకరాళ్లు, పైన బెంటొనైట్ మట్టితో బిగింపు, నేలమీద తాళం వేసే మూత ఉంటాయి. బిగింపు సరిగా లేకపోతే వాన నీరు పైపు పక్కగా జారి దిగి, బావే కాలుష్యానికి దారి అవుతుంది.

ఎండిపోయి వదిలేసిన బోర్ల గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. యార్డుకు దగ్గరలో మూత లేని ఒక పాత బోరు ఉంటే, పై పొరలోని లీచేట్ ఏళ్లు పట్టే ప్రయాణం మానేసి నిమిషాల్లో వంద మీటర్ల లోతుకు దిగిపోతుంది. పర్యవేక్షణ బృందం మొదట చేయవలసిన పనుల్లో అటువంటి బోర్లను వెతికి, సిమెంటు పాలతో అడుగు నుంచి పూడ్పించడం ఒకటి. పైన ఒక బండ పెట్టి వదిలేస్తే పిల్లలు పడకుండా ఆపవచ్చునేమో గాని నీటిని ఆపలేం.

నమూనా తీయడం

ప్రయోగశాల ఎంత గొప్పదైనా, తప్పుగా తీసిన నమూనాను సరిచేయలేదు. బావిలో నిలిచి ఉన్న నీరు చుట్టూ ఉన్న పొరల నీటికి ప్రతినిధి కాదు. అందుకని ముందు దానిని తోడిపోయాలి. సాధారణ నియమం ప్రకారం, బావిలో ఉన్న నీటికి మూడు రెట్లు తోడాలి. 15 సెంటీమీటర్ల వ్యాసం గల బోరులో 20 మీటర్ల ఎత్తున నీరు ఉంటే దాని పరిమాణం సుమారు 353 లీటర్లు. అంటే వెయ్యి లీటర్లకు పైగా తోడి పోసిన తర్వాతే సీసా పట్టాలి. తోడుతున్నంత సేపు పీహెచ్, ఉష్ణోగ్రత, విద్యుద్వాహకత చూస్తూ ఉండండి. మూడూ నిలకడకు వచ్చాయంటే పొర నీరు వస్తున్నట్లు.

పీహెచ్, కరిగిన ఆక్సిజన్, విద్యుద్వాహకత వంటివి బావి దగ్గరే కొలవాలి. సీసాలో పెట్టి పట్నం తీసుకుపోతే మారిపోతాయి. లోహాల కోసం తీసే నీటిని 0.45 మైక్రాన్ల ఫిల్టరుతో వడకట్టి, పీహెచ్ 2 కంటే తగ్గేలా నైట్రిక్ ఆమ్లం కలపాలి. లేకపోతే కరిగి ఉన్న ఇనుము దారిలోనే గాలి తగిలి తుప్పుగా అడుగుకు చేరుతుంది, మిగతా లోహాలను కూడా తనతో పట్టుకుపోతుంది. అమ్మోనియా, సీఓడీ నమూనాలకు సల్ఫ్యూరిక్ ఆమ్లం కలుపుతారు. నైట్రేట్ పరీక్షించవలసిన సీసాలో నైట్రిక్ ఆమ్లం వేస్తే ఏమవుతుందో ఆలోచించండి! బాక్టీరియా పరీక్షకు క్రిమిరహితం చేసిన సీసా వేరుగా కావాలి. అన్నింటినీ మంచు పెట్టెలో, సుమారు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి అదే రోజు పంపాలి. సీసా మీద బావి పేరు, తేదీ, సమయం, కలిపిన ఆమ్లం, తీసినవారి సంతకం ఉండాలి. కోర్టుకు వెళ్లే వివాదాల్లో చాలాసార్లు ప్రశ్నించేది ఫలితాన్ని కాదు, సీసా చేతులు మారిన తీరును.

ఫలితాలు వచ్చాక వాటిని నమ్మే ముందు ఒక పరీక్ష ఉంది. నీటిలో ధన అయాన్ల ఆవేశం, రుణ అయాన్ల ఆవేశం సమానంగా ఉండి తీరాలి. ఒక్కో అయాన్ గాఢతను దాని తుల్యభారంతో భాగించి రెండు వైపులా కూడండి. తేడాను మొత్తంతో భాగిస్తే వచ్చే దోషం 5 శాతం లోపు ఉండాలి. ఒక నమూనాలో కాల్షియం 6, మెగ్నీషియం 4, సోడియం 7, పొటాషియం 1, మొత్తం 18 మిల్లీతుల్యాంకాలు వచ్చాయి. రెండో వైపు బైకార్బొనేట్ 11, క్లోరైడ్ 8, సల్ఫేట్ 1, మొత్తం 20. తేడా 2, మొత్తం 38, దోషం 5 శాతం దాటింది. ప్రయోగశాల తప్పు చేసిందా? కాకపోవచ్చు. అమ్మోనియంను లెక్కలో వదిలేశారు. అది లీటరుకు 36 మిల్లీగ్రాములు ఉంటే, 18తో భాగించగా సరిగ్గా 2. తుల్యత కుదిరింది. మామూలు బావి నీటికి పనికొచ్చే లెక్క యార్డు పక్కన ఎందుకు తప్పుతుందో దీనివల్ల మీకు అర్థమవుతుంది.

ఫలితాలను చదవడం

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఈ కింది పట్టికలోని అంకెలు అభ్యాసం కోసం ఊహించినవి. ఏ యార్డుకూ చెందినవి కావు. గాఢతలన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉన్నాయి.

| అంశం | ఎగువ బావి | దిగువన 50 మీటర్లు | దిగువన 400 మీటర్లు |
|---|---|---|---|
| క్లోరైడ్ | 90 | 420 | 260 |
| నైట్రేట్ | 62 | 3 | 38 |
| అమ్మోనియం | లేదు | 18 | 0.2 |
| ఇనుము | 0.1 | 6 | 0.2 |
| పొటాషియం | 4 | 48 | 9 |
| బైకార్బొనేట్ | 310 | 820 | 470 |
| ఫ్లోరైడ్ | 1.7 | 1.4 | 1.6 |

ముందుకు చదవకుండా పట్టికను ఒకసారి చూసి, మూడు బావుల గురించి మీ అభిప్రాయం కాగితం మీద రాసుకోండి.

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నైట్రేట్ 45 దాటకూడదు. ఆ ఒక్క వరుసే చదివిన వ్యక్తి ఎగువ బావి చెడిపోయిందనీ, యార్డును ఆనుకున్న బావి అన్నింటికంటే శుభ్రంగా ఉందనీ రాస్తాడు. జరిగింది వేరు. ఎగువన ఊరి సెప్టిక్ ట్యాంకులో, పొలాల ఎరువులో నైట్రేట్‌ను చేర్చాయి. 50 మీటర్ల బావిలో లీచేట్ ఆక్సిజన్‌ను పూర్తిగా లాగేసింది. ఆక్సిజన్ లేనప్పుడు సూక్ష్మజీవులు నైట్రేట్‌ను, ఆ తర్వాత రాతిలోని మాంగనీస్‌ను, ఇనుమును, సల్ఫేట్‌ను వాడుకుంటాయి. నైట్రేట్ తగ్గడం, ఇనుము పెరగడం ఒకే ప్రక్రియకు రెండు ముఖాలు. ఈ 6 మిల్లీగ్రాముల ఇనుములో ఎక్కువ భాగం చెత్తలోనిది కాదు, నేలలో గట్టిగా ఉన్న ఇనుమే కరిగి వచ్చింది. డెన్మార్క్‌లోని గ్రిండ్‌స్టెడ్ యార్డు వద్ద పరిశోధకులు ఈ మండలాలను ఒకదాని తర్వాత ఒకటిగా గుర్తించి పటాలు గీశారు. యార్డు పక్కన నైట్రేట్ లేకపోవడం శుభవార్త కాదని ఆ పటాలు చూస్తే తెలుస్తుంది.

తరువాత క్లోరైడ్. ప్రమాణంలో వాంఛనీయ పరిమితి 250, వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించే పరిమితి 1000. కాబట్టి 420 'అనుమతించదగిన పరిమితిలోనే ఉంది' అని నివేదిక రాసేయవచ్చు. కాని పోల్చవలసింది ప్రమాణంతో మాత్రమే కాదు, ఎగువ బావితో. 90 ఉన్న చోట 420 అయిందంటే మార్పు జరిగిపోయింది. పొటాషియంకు ఈ ప్రమాణంలో పరిమితే లేదు. అయినా 4 నుంచి 48కి పెరగడం క్లోరైడ్ చెప్పిన మాటకు గట్టి సాక్ష్యం. మామూలు గ్రానైట్ నీటిలో పొటాషియం కొద్దిగానే ఉంటుంది.

క్లోరైడ్ మట్టికి అంటుకోదు, సూక్ష్మజీవులు దాన్ని తినవు, నీటితో పాటే నడుస్తుంది. అందుకే దానితో కలయిక నిష్పత్తిని లెక్కించవచ్చు. ఈ యార్డు లీచేట్‌లో క్లోరైడ్ 3490 అనుకుందాం. 400 మీటర్ల బావిలో పెరుగుదల 260 నుంచి 90 తీసివేయగా 170. లీచేట్‌కు, ఎగువ నీటికి తేడా 3400. 170ని 3400తో భాగిస్తే 5 శాతం. ఆ బావి నీటిలో నూటికి 5 పాళ్లు లీచేట్ అన్నమాట. లీచేట్‌లో అమ్మోనియం 1000 ఉంటే ఈ బావిలో 50 కనిపించాలి. కనిపించింది 0.2. మిగిలింది ఏమైంది? కొంత దారిలోని బంకమట్టి రేణువులకు అంటుకుంది. కొంత ఆక్సిజన్ ఉన్న చోటికి చేరి నైట్రేట్‌గా మారింది. ఈ బావిలోని 38 నైట్రేట్‌లో దాని వాటా కూడా ఉండవచ్చు. మట్టికి అంటుకునే శక్తికి హద్దు ఉంది. అది నిండిన తర్వాత అమ్మోనియం ముందుకు కదులుతుంది. ఈ రోజు 0.2 ఉంది కనుక ఎప్పటికీ అంతే ఉంటుందని ఆ కుటుంబానికి మాట ఇవ్వలేం.

ఇక ఫ్లోరైడ్. అనుమతించే గరిష్ఠ పరిమితి 1.5. ఎగువ బావి, 400 మీటర్ల బావి రెండూ దాన్ని దాటాయి. యార్డు మీద కోపంతో ఉన్న ఊరివాళ్లు దీన్ని కూడా చెత్త ఖాతాలో వేయడం సహజం. మూడు బావుల్లోనూ ఫ్లోరైడ్ దాదాపు ఒకేలా ఉంది, ఎగువన కాస్త ఎక్కువే ఉంది. కాబట్టి అది రాతిది. నల్గొండ జిల్లాను దశాబ్దాలుగా పీడించిన ఫ్లోరైడ్ కూడా గ్రానైట్ నుంచి వచ్చినదే. చెత్తను పూర్తిగా తరలించినా ఈ నీటిలో ఫ్లోరైడ్ తగ్గదు. ఈ తేడా చెప్పడం యార్డు యాజమాన్యాన్ని వెనకేసుకు రావడం కాదు. తప్పు కారణం చూపిన ఫిర్యాదు విచారణలో ఒక్క ప్రశ్నకు కూలిపోతుంది, దానితో పాటు క్లోరైడ్, పొటాషియం చూపిన నిజమైన సాక్ష్యం కూడా పక్కకు పోతుంది.

అయితే 400 మీటర్ల బావి కుటుంబం అడిగిన ప్రశ్నకు జవాబు ఏమిటి? తాగవద్దు అనే. ఫ్లోరైడ్ పరిమితి దాటింది, లీచేట్ చేరడం మొదలైంది. కాచి తాగమని సలహా ఇవ్వకండి. కాచడం వల్ల సూక్ష్మజీవులు చస్తాయి గాని నైట్రేట్, ఫ్లోరైడ్, క్లోరైడ్ పోవు. నీరు ఆవిరయ్యే కొద్దీ వాటి గాఢత ఇంకా పెరుగుతుంది. ఎగువ బావి నీటితో పాలు కలిపి పసిపిల్లలకు పట్టడం మరింత ప్రమాదం. నైట్రేట్ ఎక్కువైన నీరు పసిబిడ్డ రక్తంలో ఆక్సిజన్‌ను మోసే శక్తిని తగ్గించి, చర్మం నీలిరంగుకు తిరిగేలా చేస్తుంది. యార్డు వల్ల చెడని బావి కూడా తాగడానికి పనికిరానిది కావచ్చునని ఈ పట్టిక చూపుతోంది.

నియమాలు, కాలపరిమితి

మన దేశంలో మున్సిపల్ వ్యర్థాలపై ప్రత్యేక నియమాలు మొదట 2000లో, వాటి స్థానంలో విస్తృతమైనవి 2016లో వచ్చాయి. 2016 నియమాలు ల్యాండ్‌ఫిల్ అడుగున 1.5 మిల్లీమీటర్ల మందం గల హెచ్‌డీపీఈ పొర, దాని కింద 90 సెంటీమీటర్ల బంకమట్టి ఉండాలని నిర్దేశించాయి. ఆ మట్టి పారగమ్యత సెకనుకు ఒక సెంటీమీటరులో కోటో వంతును మించకూడదన్నాయి. నీటిమట్టం అత్యంత పైకి వచ్చినప్పుడు కూడా ఆ మట్టి పొరకు కనీసం 2 మీటర్ల కింద ఉండాలన్నాయి. యార్డు ప్రారంభించే ముందే ఆ ప్రాంత భూగర్భజల నాణ్యతను నమోదు చేయాలన్నాయి. సరిహద్దు నుంచి 50 మీటర్ల లోపు నీటిని వేసవి, వానాకాలం, వానల తర్వాత కాలాల్లో పరీక్షించాలన్నాయి. మూసివేసిన తర్వాత కనీసం 15 ఏళ్లు సంరక్షణ కొనసాగాలని ఆ నియమాలు చెప్పాయి.

కాగితం మీద ఇవన్నీ బాగున్నాయి. పాత డంపింగ్ యార్డుల్లో చాలావాటికి అడుగు పొరా లేదు, చెత్త వేయకముందు నాటి నీటి రికార్డూ లేదు. అటువంటి చోట ఎగువ బావే మనకు మిగిలిన ఆధారం. దానిని ఎంచుకోవడంలో పొరబడితే పట్టిక మొత్తం పొరబడుతుంది. ఇంకో సంగతి, మూడు కాలాల ఫలితాలను కలిపి సగటు తీయకండి. తొలకరి వానకు గుట్టలోని ఊట ఒక్కసారిగా దిగి గాఢత పెరగవచ్చు. వానలు ముదిరాక నీరు కలిసి పలచబడవచ్చు. వేసవిలో మళ్లీ చిక్కబడవచ్చు. ఈ ఏటి వేసవిని నిరుటి వేసవితోనే పోల్చాలి. 15 ఏళ్ల సంగతికి వస్తే, అమ్మోనియా దశాబ్దాల పాటు ఊరుతుందని మీరు పైన చదివారు. నా దృష్టిలో ఆ గడువు గట్టి రాతి ప్రాంతాలకు చాలదు. గడువు తీరాక బావులను పూడ్చేయకుండా, కనీసం క్లోరైడ్, అమ్మోనియా, విద్యుద్వాహకత అయినా ఏటా కొలుస్తూ ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పైన ఇచ్చిన లీచేట్ అంకెలనే వాడి, 50 మీటర్ల బావిలో లీచేట్ వాటాను లెక్కించండి. ఆ వాటా ప్రకారం అక్కడ కనిపించవలసిన అమ్మోనియం ఎంత? పట్టికలోని విలువతో తేడా ఎందుకు వచ్చింది?

2. మీ ఊరికి లేదా పట్టణానికి చెందిన డంపింగ్ యార్డును ఎంచుకోండి. చుట్టూ అర కిలోమీటరులో ఉన్న బావులు, వాడుకలో ఉన్న బోర్లు, వదిలేసిన బోర్లను పటంలో గుర్తించండి. ఎగువ బావిగా దేనిని తీసుకుంటారు? దానికి దగ్గరలో సెప్టిక్ ట్యాంకులు, పశువుల కొట్టాలు, నీటి ట్యాంకర్లకు తోడే మోటార్లు ఉన్నాయేమో కనుక్కుని మీ ఎంపికకు కారణాలు రాయండి.